చెరకు విరిగిన చప్పుడు

మంగళవారం, మొఘల్‌పురా

ఇంట్లో అందరూ కలిసి నన్ను రాతిగుండెదాన్ని చేసేశారు. వీడియో గేములకు చప్పుళ్లు తయారుచేసే ఉద్యోగం చేస్తే మనిషికి గుండె ఉండదా?

సాయంత్రం వంటింట్లో మైకు పెట్టుకుని చెరకుగడ విరుస్తున్నాను. ఆటలో సైనికుడి ఎముక విరిగే చప్పుడు కావాలట. అమ్మ చూడనే చూసింది, ఎందుకో అడిగి తెలుసుకుంది.

"డిగ్రీ చదివి బొక్కలు ఇరగ్గొట్టుడు నేర్సుకున్నవా?"

బాపు నవ్వాడు. "మా చిన్నప్పుడు గేముల మనిషి సచ్చిపోతే టింగ్‌మంటుండె, అంతే. మల్ల లేస్తుండె."

ఆ టింగ్ ఇప్పుడు ఎవరికీ చాలదు. అచ్చం విరిగినట్టే వినపడాలి. ఆ పని నాకు బాగా వచ్చు. నా దిగులు కూడా అదే.

నానమ్మకు హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. ఉలిక్కిపడి తన మోకాలు పట్టుకుంది.

"అయ్యో, ఎవరి బిడ్డనే?"

"ఉత్త ఆటనే నానమ్మా. గా చప్పుడు చెరకుదే."

"మరి బొక్క ఇరిగినోడు ఏడ్వడా? అమ్మా అనడా?"

అనడు. కిందపడి మాయమైపోతాడు. రెండేళ్లుగా ఎన్ని ఎముకలు విరిచానో, ఈ మాట ఒక్కసారీ నాకు తోచలేదు. నానమ్మ మాత్రం ఆ చెరకు ముక్కలు ఏరి, కడిగి, చిన్నపిల్లకు పెట్టినట్టు నా నోట్లో పెట్టింది. నేను చాలాసేపు నమలలేకపోయాను.

రేపు బాపు చేత "అమ్మా" అనిపించి, ఆ విరుపు వెనకే కలిపి ఆఫీసుకు పంపుతాను. తీసేయమంటే ఉద్యోగం మానేస్తాను.