నూకాలు కొరికిన గోడ

మార్చి 3
పన్నెండేళ్ళయింది. నూకాలు చెడిన చేప తిని చచ్చిందని ఆఫీసు కాగితాల్లో రాసుకున్నారు. ఈ పార్కులో డాల్ఫిన్లకేసే చేపలు చూసేవాడిని నేనొక్కడినే. అంటే నేను చంపానని. ఇంకా మింగుడు పడలేదు.
షోలో, మైకులో దాని పేరు రూబీ. నాకు నూకాలు. మా అమ్మ పేరు. డాల్ఫిన్‌కి నాయనమ్మ పేరా అని కూతురు పార్వతి నవ్వేది. నవ్వనీ.

మార్చి 5
పార్కు మూసేస్తున్నారు. గేటుకి బోర్డు కట్టారు.
నేను చేరినప్పుడు కార్లు హైవే దాకా నిలబడేవి. రోజుకు నాలుగు షోలు. ముందు వరసలో తడవడానికి జనం తోసుకునేవారు. తర్వాత్తర్వాత కొందరు గేటు బయట రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఇది జైలు, జైలు అని. వాళ్ళన్నది అబద్ధం కాదు. కానీ లోపలున్నవాటికి పొద్దున్నే ఎవరో ఒకరు తిండి పెట్టాలి కదా. పెట్టాను.
ఇప్పుడు బెంచీల మీద కొంగలు.

మార్చి 6
మూడు బకెట్లు. మూడే డాల్ఫిన్లు మిగిలాయి.
చేప కన్ను చూడాలి. మొప్ప ఎత్తి చూడాలి. పొట్ట నొక్కాలి — వేలు దిగబడితే చెత్తలోకి. ఒక్కొక్కటీ. ముప్పై ఏళ్ళుగా ఇంతే. మన దేశంలో మాది సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇల్లు. చెడిన చేప నా చెయ్యి దాటి పోదు.

మార్చి 9, ఆదివారం
ఆఫీసు ఖాళీ చేస్తూ ఎవరి ఫైలు వాళ్ళకిచ్చారు. పార్వతి చదివింది.
"నానా, చేపలు సరిగ్గా చూడలేదని నువ్వే ఒప్పుకున్నట్టుంది. కింద నీ సైన్."
"నాదే."
"చదవకుండా ఎలా చేసీసావు?"
చెప్పాను. నూకాలు చచ్చిన రోజు మేనేజర్ రిక్ ఆ కాగితం నా ముందు పెట్టాడు. నాకు ఇంగ్లీషు మాట్లాడడమే వచ్చు. చదవడం రాదని వాడితో అనడమా... కళ్ళజోడు పెట్టుకున్నాను. వరస వరసకీ వేలు పెట్టి కిందికి దిగాను. తల ఊపాను. సంతకం పెట్టాను.
"పొగరు నానా నీకు."
అవును.

మార్చి 10
ఎర్ల్‌ని అడిగాను. పూల్ గోడలు తోమే డైవర్. అప్పుడు నూకాలు చచ్చిన వారంలో ఫిల్టర్‌లోంచి ఏం తీశావని.
"గోడకేసిన నీలం రంగు పెచ్చులు. గుప్పెళ్ళకి గుప్పెళ్ళు. రిక్‌కి చెప్తే నోరు మూసుకోమన్నాడు."
"ఇప్పుడు?"
"ఇప్పుడు జాబే పోయె. ఇంకా ఎందుకు మూసుకోవడం?"
నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నూకాలు పనిలేక గోడ కొరుకుతుండేది. నేనూ చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ పెచ్చులే పొట్టలో పడ్డాయో ఏమో, చచ్చాక దాన్ని కోసి చూసినవాడు లేడు.

మార్చి 11
నూకాలు కూతురు కూడా కొరుకుతోంది. అదే పూల్. మూడు రోజులుగా బకెట్ సగం వదిలేస్తోంది.
శనివారం దాన్ని తీసుకెళ్ళే లారీ వస్తుంది. వేరే ఊళ్ళో పెద్ద పూల్‌కట. వెంట కాగితాలూ వెళతాయి. తల్లి చేప తిని చచ్చిందని చదివి, అక్కడి డాక్టర్ చేప మారుస్తాడు. పొట్ట చూడడు.

మార్చి 12, పొద్దున
రిక్ దగ్గరికి వెళ్ళాను. కాగితం మార్చి రాయి అన్నాను.
"పార్కే పోతోంది, ఓల్డ్ మ్యాన్. ఆ పేపర్ ఎవడు చూస్తాడు?"
"అక్కడి డాక్టర్."
"నెక్స్ట్ వీక్ చూద్దాంలే."
నెక్స్ట్ వీక్‌కి అది ఇక్కడ ఉండదు.

మార్చి 12, సాయంత్రం
మొదట నా పేరు కోసమే ఇదంతా తవ్వాను. దాచడం దేనికి. ఇప్పుడు నూకాలు కూతురి పొట్ట కోసం. నా పేరు ఎలా పోయినా సరే — ఊఁ, అది కూడా అబద్ధం. రెండూ కావాలి.
జరిగిందంతా నేను చెప్తే పార్వతి ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. ఎర్ల్ కూడా సంతకం పెట్టాడు. రిక్ బల్ల మీద పెట్టి వచ్చాను. వాడు తలెత్తలేదు. ఉత్తరంలో చివరి మాటలు ఇవి:
రిక్, అది గోడ కొరుకుతోందని, తల్లి కూడా కొరికిందని రాస్తావా, రాయవా? శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి నాకు చెప్పాలి. నా మొహం చూసి చెప్పాలి.