గాజుపెంకు ఎవరంటే

చిట్టితల్లీ,

ఫోన్లో అయితే ఏ పేరుతో రాయాలో తేల్చుకోలేక కాగితం తీసుకున్నాను. చేతిరాత చూడగానే నాన్న అని తెలిసిపోతుంది. నాకు కావలసిందీ అదే. చదువుతూ చించెయ్యాలనిపిస్తే చించెయ్యి గానీ, ఈ ఒక్క మాట చదివాక చించు. నీ పాటలకి బీట్లు పంపుతున్న గాజుపెంకు నేనే.

పోయినేడు మీ కాలేజీ వేదిక మీద నువ్వు మైకు పట్టుకుని ర్యాప్ పాడుతుంటే, సగంలో లేచి వచ్చేశాను. ఆడపిల్ల అలా చెయ్యి విసురుతూ నిలదీసినట్టు పాడటం నలుగురిలో చూడలేకపోయాను. బయట మెట్ల మీద మా అద్దాల షాపు ఓనరు ఎదురై, ఆ పాడే అమ్మాయి మీ అమ్మాయేనా అని అడిగాడు. కాదండీ, తెలిసినవాళ్ళ పిల్ల అన్నాను. ఆ మాట గాలికి పోయిందనుకున్నాను. తర్వాత నువ్వు పైచదువుకి వేరే ఊరు వెళ్ళి, ఫోన్ చేసినా అమ్మతోనే మాట్లాడి పెట్టేస్తుంటే, చదువు ఒత్తిడేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇల్లు బోసిపోయింది. నువ్వు వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌లో నీ పాటలు వినడం మొదలుపెట్టాను. మాటలు పట్టుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది గానీ, వెనక వాయింపు కుదరలేదని మాత్రం త్వరగానే తెలిసింది. ఎక్కడో ఉచితంగా దొరికిన బీట్లు. నీ మాటది ఒక దారి, వాటిది ఒక దారి. నేనే చేసి పెడితేనో అనిపించింది. జుట్టు నెరిశాక ఇదేం పిచ్చి అంటారని, మధ్యాహ్నం భోజనమయ్యాక షాపులో అద్దాల చట్రాల వెనక కూర్చుని వీడియోలు చూసి నేర్చుకున్నాను. మొదటి బీటు ఇంట్లో మోగిస్తే మీ అమ్మ, వంటింట్లో గిన్నెలు పడ్డాయేమో చూసి రమ్మంది.

అద్దం మీద కట్టర్‌తో గీత గీసి అంచున విరిస్తే టక్కుమంటుంది. దాన్ని రికార్డు చేసి బీటులో చప్పట్ల చోట పెట్టాను. షాపు వ్యాను తలుపు మూసిన చప్పుడు పెద్ద డ్రమ్ము అయింది. అన్నీ కొలత తప్పకుండా పేర్చాను. అద్దాలు కోసేవాడికి వచ్చింది అదొక్కటేగా. కానీ ప్రాణం లేదు. ఆ టక్కును వెంట్రుకవాసి వెనక్కి జరిపాను చూడు, తల దానంతటదే ఊగింది. ఆ సంబరంలో నీకు పంపాను. నాన్న పంపాడంటే వినవేమోనని గాజుపెంకు అనే దొంగపేరుతో కొత్త ఖాతా తెరిచాను.

వెంటనే నీ జవాబు. "అన్నా, ఇది ఇంకెవరికీ ఇవ్వకు." కన్నకూతురు అన్నా అంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడే చెప్పెయ్యాల్సింది. కానీ నువ్వు రోజూ మాట్లాడుతున్నావు మరి, ఆ ఆశ వదులుకోలేకపోయాను. బీట్ల గురించి మొదలైన మాటలు ఇంటి మీదికి మళ్ళాయి. నేను ఆపలేదు, పైపెచ్చు అడిగి మరీ చెప్పించుకున్నాను. ఒకరోజు నువ్వు రాశావు: "మా నాన్న నన్ను తన కూతురు కాదన్నాడట అన్నా, మెట్ల దగ్గరున్న ఫ్రెండు విని చెప్పింది. అన్నందుకు కాదు నా బాధ, అంత తేలిగ్గా నోటికొచ్చినందుకు." షాపులో కొత్త అద్దాలు తుడుస్తూ చదివాను. ఎటు చూసినా నా మొహమే. ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

ఆ తర్వాత కూడా నీకు అన్నగానే జవాబులిచ్చాను. తండ్రికి చెప్పుకోలేని మాటల్ని తండ్రే చాటుగా వినడం కన్నా సిగ్గుమాలిన పని ఉంటుందా? చివరికి అమ్మకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "ముందేమో కాదన్నావు, ఇప్పుడేమో దొంగలా చేరావు. దానికి ఎదురుగా నిలబడే ధైర్యం నీకెప్పుడొస్తుంది?" అంది. ఆ రాత్రే ఈ కాగితం ముందు కూర్చున్నాను.

బీటు నీది. వాడుకున్నా పారేసినా నీ ఇష్టం. నువ్వు రాసినవన్నీ నా ఫోన్లోంచి తీసేశాను. వాటి మీద నాకు హక్కు లేదు.

తలెత్తుకోలేని
నాన్న

*

నాన్నా,

చదవగానే ఒళ్ళు మండిపోయింది. నేను లేనప్పుడు గదిలో దూరి నా సామాను వెతికినట్టుంది. ఆ కోపం ఇంకా పోలేదు, ముందే చెబుతున్నాను.

మనం రాసుకున్నవన్నీ మళ్ళీ చదివాను, ఈసారి నీ గొంతుతో. చాలాచోట్ల సిగ్గుతో చచ్చిపోయాను. నిన్ను అన్నా అన్నందుకు కాదు, నీ గురించి నీకే చెప్పిన చాడీలకు. ఒకచోట మాత్రం ఆగిపోయాను. అది నీ ఉత్తరంలో లేదు. మర్చిపోయావో, రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టవుతుందని వదిలేశావో.

నువ్వు నన్ను కాదన్న సంగతి మీద, మొదట వచ్చిన ఆ బీటుకే ఒక చరణం రాశాను కదా. రికార్డింగుకి ముందు భయమేసింది. "తీసేస్తాను అన్నా, వింటే మా నాన్న నలుగురిలో తిరగలేడు" అని రాశాను. చాలాసేపటికి జవాబొచ్చింది. "తియ్యకు. పాట మొత్తంలో నిజం ఉన్నది అక్కడే. తట్టుకోవడం ఆయన నేర్చుకుంటాడు." అంతటితో ఆగలేదు నువ్వు. ఆ చరణం దగ్గర డ్రమ్ములన్నీ తీసేసి, నా గొంతు ఒక్కటే వినపడేలా బీటు మార్చి పంపావు. ఎవరో మంచి అన్న, పని తెలిసినవాడు అనుకున్నాను. నీ పరువు తీసే మాట స్పష్టంగా వినపడాలని నువ్వే చోటు చేశావని ఇప్పుడు తెలిసింది. అది తెలిశాక ఇంతకుముందులా కోప్పడటం చేతకావడం లేదు. అదొక కొత్త చిరాకు.

ఆ చరణం అలాగే పాడుతున్నాను. ఒక్క మాట కూడా మార్చను.

క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది. రమ్మని మాత్రం రాయగలను. కొత్త పాటకి మాటలు కుదిరాయి, వెనక వాయింపు లేదు. ల్యాప్‌టాప్ పట్టుకురా. నా ఎదురుగా కూర్చుని చెయ్యి. బాగాలేకపోతే మొహం మీదే చెబుతాను.

చిట్టి