బిగిసిన బోల్టు

నెవాడా, జూలై

బావకు రాయిస్ నమస్కారాలు.
అక్క పోయిన దగ్గర్నుంచి నువ్వు ఫోను ఎత్తడం మానేశావు, అందుకే రాస్తున్నాను. చలికాలంలో నువ్వు ఇంట్లో మందు కూరి పంపిన తూటాలు నిన్న బయటికి తీశాను. మొదటిది పేల్చగానే రైఫిల్లో తూటా గదిని మూసే బోల్టు బిగుసుకుపోయింది. కట్టెతో కొడితే గానీ లేవలేదు. తూటా అడుగున మందుకి నిప్పు అంటించే ప్రైమరు అప్పడంలా చదునైంది. నీ చెయ్యి అదుపు తప్పిందేమో చూసుకో.
రాయిస్
తా.క.: మిగతావీ పేల్చి చూస్తాను.

మోంటానా

రాయిస్‌కు,
ప్రతి తూటాకీ మందు త్రాసులో తూచే పోశాను. కింది మోతాదుతో మొదలుపెట్టి, ప్రతిసారీ పేలిన తూటా ఇత్తడి గొట్టం చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచాను. నా రైఫిల్లో బోల్టు వేలితో లేచింది. నీది తుప్పు పట్టి ఉంటుంది. మీ అక్కని ఇందులోకి లాగకు.
వెండెల్
తా.క.: బోల్టుని కట్టెతో కొట్టాల్సి వచ్చిందంటే ఇక ఆపమని. ఇంకా గట్టిగా కొట్టమని కాదు.

నెవాడా

బావా,
తుప్పు లేదు, తుడిచి చూశాను. ట్రక్కు ముందు అద్దం కింద పెట్టిన డబ్బాలోంచే ఇంకోటి తీసి పేల్చాను. ఈసారి గొట్టం అడుగున, మందు ఎక్కువైతే పడే మెరిసే ముద్ర కూడా పడింది.
రాయిస్
తా.క.: శనివారం మొత్తం కాల్చేస్తా. నమ్మకపోతే వచ్చి చూడు.

మోంటానా

ఒరేయ్ రాయిస్,
ట్రక్కు అద్దం కిందా? అవి ఇక్కడ మంచులో, నా రైఫిల్లో సరిచూసినవిరా. ఎండకి కాగితే మందు పీడనం పెరుగుతుంది. పైగా నీ రైఫిలు వేరు. నా దగ్గర మిగిలిన తూటా ఒకటి అలాగే ఎండలో పెట్టాను. రైఫిలుని బల్లకి కట్టి, దూరం నుంచి తాడు లాగి పేల్చాను. నా బోల్టూ బిగిసింది.
ఫోను చేశాను, ఎత్తలేదు. భయంగా ఉందిరా. నీ కన్ను పోతే, నువ్వే పోతే, నాకింకెవరున్నారు? ఒక్కటి కూడా ముట్టుకోకు. రేపు బయల్దేరుతున్నాను.
మీ బావ
తా.క.: దీనికంటే ముందు నేనే వచ్చేస్తే ఇది చదవకు.

(నెవాడాలో, రాయిస్ ఇంటి తలుపుకి గుచ్చిన చీటీ)

బావా,
ఉత్తరమే ముందొచ్చింది. నీ ట్రక్కు ఇంకా నడుస్తోందంటే గొప్పే. మాంసం తేవడానికి వెళ్తున్నాను, తలుపు తీసే ఉంది. పొయ్యి మీద బీన్సు మాడకుండా చూడు.
నేను పేల్చింది ఒక్కటే. కట్టెతో కొట్టి బోల్టు లేపాక, ఇక చాలని ఆపేశాను. ట్రక్కు మాట నిజం. రెండోది, ఆ ముద్ర, శనివారం అన్నీ నేను అల్లినవే. మిగతావి చల్లటి గదిలో ఉన్నాయి. వాటిని విప్పేసి, ఈసారి నా రైఫిల్లో, కింది నుంచి మొదలుపెడదాం.
అక్క పోయాక నువ్వు గడప దాటలేదు. చూసిపోదువు గానీ రా అంటే రావు. భయపెడితే వస్తావని తెలుసు.
రాయిస్
తా.క.: ఫోను మోగినంతసేపూ పక్కనే కూర్చున్నాను. ఎత్తలేదు. ఇన్నాళ్లూ నాకెలా ఉందో నీకూ తెలియాలిగా.