గంట మెల్లగా కొడితే

కిరండూల్,
11 నవంబరు 2024.

చిరంజీవి కరుణశ్రీకి,

పెద్దక్క ప్రేమతో రాయునది. ప్రభువు దయవల్ల నేనూ, నాన్నగారూ, మన గుడ్లు పెట్టని కోడీ కులాసా. నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను.

శుక్రవారం నీ వైవా. పెద్ద ప్రొఫెసర్ల ముందు నోరు పెగలదేమోనని భయమన్నావు. అందుకే నిన్న మనింట్లో జరిగిన స్త్రీల కూడికలో నీ కోసం ప్రార్థించమన్నాను. పక్కింటి పోలమ్మత్త ప్రార్థనకి కాకపోయినా టీకి తప్పకుండా వస్తుంది కదా. ఏటి సదువో తెలీకుండా దేవుణ్ణి ఏటని అడగాలే అంది.

సెలవుల్లో నువ్వు చెప్పిందే చెప్పాను. అణువంతేసి అయస్కాంతాలు వరుసగా ఉంటాయి, బయటి బలం ఒకటి అన్నిటినీ పక్కకి తిప్పి ఉంచుతుంది. ఆ బలం తగ్గిస్తే ఒక్కొక్కటీ పక్కదాన్ని చూసి పైకో కిందికో తిరుగుతుంది. ఎవరికీ ఎక్కలేదు. సరేనని అందరినీ వసారాలో వరుసగా నిలబెట్టి, అరచేతులు పక్కకి పెట్టమన్నాను. నేను గంట కొట్టినకొద్దీ ఆ బలం తగ్గుతున్నట్టు, చేతులు పైకైనా కిందికైనా తిప్పొచ్చు. పక్కవాళ్లతో కలవాలి, అంతే.

ముందు గబగబా కొట్టాను. కొందరివి పైకి, కొందరివి కిందికి, మధ్యలో మళ్లీ పైకి. ఎదురింటి సుమిత్ర, అరే దీదీ, ఇంత జల్దీగా ఎవరిని చూడాలి అని నవ్వింది.

రెండోసారి మెల్లగా కొట్టాను. వరుసంతా పైకే తిరిగింది, చివర పోలమ్మత్త తప్ప. నానొక్కదాన్నే సరింగున్నాను, మీరే తిరగబడిపోనారు అంది. ఆవిడ కోసం కూడా ప్రార్థించాం.

బలం తొందరగా మారిస్తే వరుసలో పైకీ కిందికీ మధ్య విరుపులెక్కువ, మెల్లగా మారిస్తే తక్కువ. నాకే బోధపడేలా చెప్పినదానివి, వాళ్లకి చెప్పలేవా?

నాన్నగారు వైవాకి వస్తారేమో అడగమన్నావు. అడిగాను. కళ్లజోడు తుడుచుకున్నారు. నువ్వు రైల్వే ఉద్యోగం వదిలి ఈ చదువుకి వెళ్లినప్పుడు పట్టిన మౌనం ఆయన ఇంకా విడవలేదు. నిన్న మాత్రం వసారా చివర, కుర్చీలో, పేపరు చాటున కూర్చున్నారు. గంట ఆగాక చూద్దును కదా, పేపరు కింద ఆయన అరచెయ్యి కనబడింది. పైకే ఉంది.



ధైర్యంగా ఉండు.

ప్రార్థనలతో,
నీ పెద్దక్క
శాంతిప్రియ

తా.క. ఈ ఉత్తరం మీ హాస్టల్ వాచ్‌మన్ చేతికి ఇచ్చినాయన గేటు బయట బల్ల మీద కూర్చుని ఉంటారు. బస్సు వద్దు, విశాఖ పాసింజరే ఎక్కుతానన్నారు. తను వస్తున్నట్టు ఉత్తరంలో రాయొద్దన్నారు. రాయలేదు, సంతకం పైదాకా చూసుకో. వెళ్లి పక్కన కూర్చో. మాట్లాడమని మాత్రం తొందరపెట్టకు.