పైతుప్పే కదా అన్నందుకు

గౌరవనీయులైన వాహన తనిఖీ అధికారి గారికి,

అయ్యా,

విషయం: మా కారు తుప్పు గురించి తమరు సెలవిచ్చిన మాటను నా భర్త తన ఒంటికి అన్వయించుకొనుట – తగు చర్య కోరుట – గురించి.

మనవి చేసుకోవడమేమనగా, పోయిన తనిఖీలో తమరు మా పన్నెండేళ్ళ కారు ముందు వంగి, తలుపు అంచున ఉన్న తుప్పును గోటితో గీకి, "ఏం కాదండీ, ఇది పైతుప్పే. ఇప్పటి కార్ల రేకుకి జింకు పూత ఉంటుంది. జాగ్రత్తగా చూసుకుంటే ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అన్నారు. గొడవ ఆ మాటతోనే మొదలయింది.

1. సదరు భర్త నాటి నుండి ప్రతి సెలవు రోజూ గరుకు కాగితం పట్టుకుని కారు కింద దూరుచున్నారు. ఆవగింజంత తుప్పయినా ఆయన కంటపడక మానదు. నేను కళ్ళజోడు మార్చిన సంగతి ఇంతవరకు గమనించలేదు. దీనిపై నాకు అభ్యంతరం లేదు. రికార్డు కోసం తెలుపడమైనది.

2. కొంతకాలముగా ఆయన మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, ఛాతీ రుద్దుకొనుచున్నారు. అడిగితే, "పైతుప్పేనే! లోపల ఇనుము గట్టిది" అని జవాబిచ్చుచున్నారు.

3. కారుకు ఫ్యాక్టరీలో పూత పూసి ఉండవచ్చును. మా అత్తగారు తన కొడుక్కి నూనె రాసినదే తప్ప జింకు పూసిన దాఖలాలు లేవు.

4. డాక్టరమ్మ గుండె పరీక్షలు రాసిచ్చినది. సదరు చీటీని ఆయన నాలుగు మడతలు పెట్టి, గడగడమని చప్పుడు చేస్తున్న కారు అద్దం సందులో దోపినారు. ఇప్పుడు అద్దం చప్పుడు చేయడం లేదు. నా మాట, మా అమ్మాయి మాట, డాక్టరమ్మ మాట చెవిటివాడి ముందు శంఖం. తమరి మాట ఒక్కటే వేదవాక్కు.

కావున, రేపు ఉదయం సదరు వాహనమూ సదరు భర్తా కలిసి తమ ముందుకు వచ్చినప్పుడు, నడిపేవారి గుండె పరీక్ష కాగితం జతచేయనిదే కారుకు సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదని గట్టిగా చెప్పగలరు. ఏ నిబంధన కింద అన్నది తమ దయ. నిబంధనలకు తమ కార్యాలయంలో కరువు లేదని విన్నాను. నా పేరు బయటపెట్టకుండా, నా మొర చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
పై కారులో పక్క సీటు మనిషి

తా.క.: నాయనా, నిన్న ఆయన మెట్ల మీదే కూర్చుండిపోయారు. చెమట తుడుచుకుంటూ, "కారు ఇంకో పదేళ్ళు వస్తుంది. నువ్వు నడపడం నేర్చుకోవే" అన్నారు. ఇన్నేళ్ళలో నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వని మనిషి. కారు పాసయినా ఫెయిలయినా నాకొకటే. నేను నేర్చుకోను బాబూ. నాకు పక్క సీటే బాగుంది.