సైకిల్ నేనే తీసుకెళ్తున్నాను

ఏమండీ,

నిద్ర లేచి, సైకిల్ ఎవరో ఎత్తుకుపోయారని వీధంతా గోల చేయకండి. నేనే తీసుకెళ్తున్నాను. పొయ్యి పక్కన జొన్న రొట్టెలు, తోటకూర ఉన్నాయి. ఊరగాయ జాడీ కోసం వెతకకండి, దాచేశాను.

అంబర్‌పేట మార్కెట్‌కు వెళ్తున్నాను. అవును, తొక్కుకుంటూనే! నా మోకాళ్లు పట్టేశాయంటే డాక్టరమ్మ సైకిల్ తొక్కమంది. మీరేమో "గీ వయసుల సైకిలేంది? కిందపడితే దవాఖానకు ఎవలు మోస్తరు?" అని నవ్వారు. మీరు నైట్ డ్యూటీ దిగి పగలంతా గురక పెడుతుంటే, నేను కుచ్చిళ్లు దోపుకొని నాచారం ఫ్యాక్టరీ వెనక మైదానంలో నేర్చుకున్నాను. పక్కింటి లక్ష్మీనర్సమ్మక్క క్యారియర్ పట్టుకొని వెంట పరిగెత్తేది. పోయిన వారం చెప్పకుండా వదిలేసింది. "తారా, నువ్వే పోతున్నవే!" అని వెనక నుంచి అరిచేదాకా నాకు తెలియనే లేదు. ఇప్పుడు మెట్లెక్కుతుంటే మోకాలి నొప్పి గుర్తే రాదు. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు. మీ మీద చిరాకు కూడా తగ్గింది, గమనించారో లేదో.

బ్రేకులు సరిగ్గా పట్టడం లేదు. ముందు వీధి చివర షాపులో బాగు చేయించి, అప్పుడే రోడ్డెక్కుతాను. ఇన్నాళ్లూ చీకట్లో ఈ బ్రేకులతోనే డ్యూటీకి వెళ్లారా? నాకొక మాట చెప్పొద్దా?

తారామణి

మరిచాను. నిద్ర లేచి హోటల్‌కు వెళ్లినప్పుడు చాయ్ చక్కెర లేకుండా చెప్పండి. మీ షుగర్‌కు నడవాలని డాక్టరమ్మ అంటే, "సైకిల్ ఉండంగ నడుసుడెందుకు" అన్నారు కదా. ఇప్పుడు సైకిల్ లేదు.