ఆదివారపు బాటసారి

నేను, ఆలోషియస్ డూలన్, లియో డూలన్ కొడుకును, దక్షిణ ఆస్ట్రేలియా బులాండ్రా ఊరిలోని డూలన్స్ హోటల్ యజమానిని, వయసు ఎనభై మూడు. నా బుద్ధి నా దగ్గరే ఉంది. మొన్న డాక్టరమ్మ పరీక్షించి ఆ మాట కాగితం మీద రాసిచ్చింది. ఇంకా రుజువు కావాలంటే, నన్ను ఎవరెవరు ఏమన్నారో అంతా గుర్తుంది, కింద చూడండి. ఎవరి ఒత్తిడీ లేకుండా, వెనక వరండాలో కూర్చుని, నా చేత్తో నేనే రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామాలు, ముఖ్యంగా కోపంలో రాసినవి, అన్నీ రద్దు.

ఒకటి. దీన్ని అమలు జరిపే బాధ్యత సొలిసిటర్ మిస్ హీథర్ పాస్కోది. తిట్లు తీసేస్తే అంతా ఒక పేజీలో సరిపోతుందని ఆమె సలహా ఇచ్చింది. నేను బతికింది ఒక పేజీ కాదని చెప్పాను.

రెండు. హోటల్ మొత్తం, అంటే రాతి కట్టడం, రేకుల వరండా, మేడ మీద గదులు, బార్, వంటిల్లు, కోళ్ళగూడు, మద్యం లైసెన్సు, అన్నీ మా వంటమనిషి ట్రూడీ హార్ట్‌విగ్‌కు చెందాలి. మూడు తరాల డూలన్లు నడిపిన హోటల్ ఒక హార్ట్‌విగ్ చేతికి పోతోందని ఊరు గుండెలు బాదుకుంటుంది. బాదుకోనివ్వండి. నా బాధ ఊరితో కాదు, ట్రూడీతోనే. క్రిస్మస్ కేకు కోసేటప్పుడల్లా ఆమె ఒకటే మాట అంటుంది: “ఏమయ్యా డూలన్, నువ్వు పోయిన రోజే నేను బస్సెక్కేస్తా. హార్ట్‌విగ్‌లు డూలన్ల తాళాలు మొయ్యరు.”

ఆమె నిజంగానే బస్సెక్కితే హోటల్ మా అన్న కొడుకు కీరన్‌కు పోతుంది. నాకు మిగిలిన రక్తసంబంధం అతనొక్కడే. కీరన్ అడిలైడ్‌లో ఇళ్ళు అమ్మించే వ్యాపారం చేస్తాడు. లైసెన్సు సముద్రం ఒడ్డున ఎవరికో అమ్మేసి, ఇక్కడ తలుపులకు బల్లలు కొట్టేస్తే పీడా పోతుందని అన్నాడు. ఆ మాట నా బల్ల దగ్గర కూర్చుని, నా మటన్ తింటూ అన్నాడు. కాబట్టి ఈ వీలునామాకు పని ఒక్కటే, ట్రూడీని బస్సెక్కకుండా ఆపడం. నన్ను పూడ్చిన తరువాత వచ్చే రెండో ఆదివారం లోపు ఆమె తన నిర్ణయం మిస్ పాస్కోకు చెప్పాలి.

మూడు. కీరన్‌కు వట్టి చేతులు చూపించడం న్యాయం కాదు. నాలుగో గదిలో మంచం అతనికిస్తున్నాను. “గుంతలో పడుకున్నట్టుంది బాబాయ్” అని పోయినసారి పొద్దున్నే నలుగురు వినేలా అన్నాడు. ఆ గుంత గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు తరతరాలుగా ఒళ్ళు హూనమై పడుకోగా ఏర్పడింది. కష్టపడి వచ్చినవాడికి అది ఉయ్యాల. రవాణా ఏర్పాటు అతనే చూసుకోవాలి.

నాలుగు. నలుగురు కలిసి తాగితే ఒక్కొక్కరు ఒక్కో వంతు అందరికీ పోయించడం మా దగ్గర ధర్మం. గోధుమ రైతు క్లెమ్ ట్రెగోవన్ తన వంతు వచ్చే వేళకు కుక్కను చూసి వస్తానని బయటికి పోయేవాడు. ఆ కుక్క చచ్చి ఎన్నో ఏళ్ళయింది. ఇంకా చూసి వస్తూనే ఉన్నాడు. నా అంత్యక్రియల రోజు బార్‌లో అందరికీ నా తరఫున ఒక వంతు పోయండి. పోసేటప్పుడు “ఇది క్లెమ్ వంతు” అని గట్టిగా చెప్పండి. అందరూ అతనివైపు గ్లాసులెత్తాలి. అప్పుడు అతని మొహం చూడలేకపోవడం ఒక్కటే నాకు చావులో ఉన్న నష్టం.

అయిదు. ఊరి చరిత్ర సంఘానికి ఒక డబ్బా పెయింటు, ఒక కుంచె. ఈ హోటల్‌ను ఎవరో గొర్రెల దొర దయతలచి కట్టించాడని వాళ్ళు మా గోడ మీదే బోర్డు పెట్టారు. కట్టింది మా తాత బార్తలొమ్యూ. ఎద్దుబండి మీద వాగులోంచి రాళ్ళు తోలుకొచ్చాడు. పైకప్పు పడకముందే మా నాయనమ్మ బండివాళ్ళకు అన్నం పెట్టడం మొదలుపెట్టింది. వర్షం వస్తే గిన్నె మీద గొడుగు పట్టేదట. దొర చేసిన దయల్లా ఒక రాత్రి పడుకుని, దుప్పటి బాగాలేదని చెప్పి పోవడమే.

ఆరు. హార్ట్‌విగ్‌లతో పగ ఏమిటో కుర్రకారుకు తెలియదు, అందుకని రాసి పెడుతున్నాను. నా చిన్నతనంలో ఆదివారం బార్ మూసి ఉంచాలని చట్టం. కానీ దూరం నుంచి వచ్చిన బాటసారిని మాత్రం తిప్పి పంపకూడదు. ఎన్ని మైళ్ళు వస్తే బాటసారి అవుతాడో అదీ చట్టమే చెప్పింది. మా బులాండ్రాకూ, హార్ట్‌విగ్‌ల హోటల్ ఉన్న ఎబెన్‌థాల్‌కూ మధ్య దూరం ఆ లెక్కకు కాస్త ఎక్కువే. ఇంకేముంది, చర్చి అవగానే మా మగవాళ్ళు బాటసారులై ఎబెన్‌థాల్ పోయేవారు, వాళ్ళ మగవాళ్ళు బాటసారులై మా దగ్గరికి వచ్చేవారు. దారి మధ్యలో ఎదురుపడి టోపీలు ఎత్తి పలకరించుకునేవారు. ఇన్ని చట్టాల పుస్తకాలు చదివాను గానీ, ఇంత నిజాయితీగా పాటించిన చట్టం మరొకటి కనిపించలేదు.

ఒక ఆదివారం మా నాన్న లియోకూ దాహం వేసింది. సొంత హోటల్లో సొంతదారు బాటసారి కాలేడు కనుక ఎబెన్‌థాల్ వెళ్ళాడు. సరిగ్గా అదే ఆలోచనతో ఓట్టో హార్ట్‌విగ్ మా ఊరొచ్చాడు. మధ్యాహ్నం కుండపోత వాన పడి వాగు పొంగింది, దారి తెగింది. నీళ్ళు తీసేదాకా మా నాన్న ఓట్టో బార్ నడిపాడు, ఓట్టో మా బార్ నడిపాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఓట్టో మా వంటింట్లోకి వచ్చి మాంసం మీద పోసే గ్రేవీ రుచి చూసి, మా అమ్మతో, “అమ్మా, ఇది గ్రేవీనా, గిన్నెలు కడిగిన నీళ్ళా?” అన్నాడు. అని ఊరుకోక, అప్రాన్ కట్టుకుని తనే వండాడు. నాన్న తిరిగొచ్చేసరికి మా ఊరివాళ్ళు, “ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉండకపోయావా లియో?” అన్నారు. నాన్న చచ్చేదాకా ఓట్టోకు టోపీ ఎత్తలేదు. హోటల్‌తో పాటు ఆ పగా నాకు సంక్రమించింది. రెంటినీ శిథిలం కానివ్వలేదు.

తరువాత చట్టం మారి ఆదివారాలు కూడా బార్లు అందరికీ తెరిచారు. ఇక ఎవరూ ఎక్కడికీ పోనక్కరలేకపోయింది. రైలు ఆగిపోయింది, ఎబెన్‌థాల్ ఖాళీ అయింది, హార్ట్‌విగ్‌ల హోటల్ కాలిపోయి పొగగొట్టం మిగిలింది. అప్పుడు ఓట్టో మనవరాలు ట్రూడీ ఒక పెట్టె, ఒక ఇనుప మూకుడు పట్టుకుని వంట పని అడుగుతూ వచ్చింది. నేరుగా వంటింట్లోకి పోయి, గ్రేవీలో వేలు ముంచి నాకి, “మా తాత అబద్ధం చెప్పలేదన్నమాట” అంది. మర్నాటి బస్సుకే పంపించేద్దామనుకున్నాను. ఆమె వండిన రోస్టు తిన్నాక పంపుదాంలే అనుకున్నాను. ఆ తినడం ఇంకా అవలేదు.

ఏడు. నా పుస్తకాలు. నా చదువంతా మా గదుల్లో జనం మరచిపోయిన పుస్తకాలే. రోమన్ చక్రవర్తులు, పశువుల జబ్బులు, చివరి పేజీలు చిరిగిన రష్యన్ నవలలు, ఏది దొరికితే అది చదివాను. మనిషి స్వభావం గురించి వాటిల్లో ఉన్నదంతా బార్ వెనక నిలబడి సరిచూసుకున్నాను, చాలావరకు నిజమే. వాటిని తిరిగి గదుల్లోనే పెట్టండి. నిద్రపట్టనివాడు తీసుకుపోతే అడగవద్దు.

ఎనిమిది. ట్రూడీ అభ్యంతరాలకు నా జవాబు. డూలన్ల తాళాలు మొయ్యనన్నావు. తాళాలన్నీ తీసేసి కొత్తవి వేయించమని మిస్ పాస్కోకు చెప్పాను. అవి మోసిన మొదటి మనిషివి నువ్వే అవుతావు. గుమ్మం మీద లైసెన్సుదారు పేరుండాలి కదా. నా పేరు గీకించి, హార్ట్‌విగ్ అని రాయించమన్నాను, అక్షరాలు నా పేరు కన్నా కొంచెం పెద్దవిగా. మా నాన్న సమాధిలో దొర్లుతాడేమో. ఆయనకు వ్యాయామం తక్కువైంది, మంచిదే.

తొమ్మిది. నన్ను ఎబెన్‌థాల్ శ్మశానంలో ఓట్టో పక్కన పూడ్చండి. ఆ శ్మశానం చూసుకునే చర్చి పెద్దలు ఒప్పుకున్నారు. లూథరన్ల మధ్య క్యాథలిక్కు ఎలా పడుకుంటాడని మా ఫాదర్ బాధపడ్డారు. బార్‌లో కలిసి నిలబడ్డవాళ్ళం, పడుకోవడంలో ఇబ్బంది ఉండదన్నాను. గ్రేవీ సంగతి ఓట్టోతో తేల్చుకోవడానికే పోతున్నాడని ఊరనుకుంటుంది. అదీ కొంత నిజం.

అసలు కారణం ట్రూడీకి మాత్రమే చెబుతున్నాను. బులాండ్రాలో పూడిస్తే నేను స్థానికుణ్ణి, ఆదివారం నువ్వు మొహాన తలుపు వేసినా నోరెత్తలేను. ఎబెన్‌థాల్ నుంచి వస్తే, పాత చట్టం ప్రకారం నేను బాటసారిని. హార్ట్‌విగ్‌లు ఏ ఆదివారమూ బాటసారిని తిప్పి పంపలేదని మా నాన్నే ఒప్పుకున్నాడు. వాళ్ళ గురించి ఆయన ఒప్పుకున్నది అదొక్కటే. తలుపు తీయడానికి నువ్వు ఇక్కడ ఉండాలి కదా. పొద్దుగూకగానే వరండాలో దీపం పెట్టు, రోస్టు ఒక పళ్ళెంలో తీసి ఉంచు. గ్రేవీ కాస్త ఎక్కువ పొయ్యి.

14 ఏప్రిల్ 2019, ఆదివారం
బులాండ్రా

(సంతకం) ఆలోషియస్ డూలన్

ఇది ఆయన మా ఇద్దరి ఎదుట చేసిన సంతకం:
1. నెవిల్ గ్రిగ్స్, బస్సు డ్రైవరు, పోర్ట్ పిరీ
2. డాఫ్నీ ఓర్‌చర్డ్, గొర్రెల డాక్టరు, రెండో గదిలో బస